బస్తర్ బడుల్లో, గ్రంథాలయాల్లో కంప్యూటర్లు: కొనడానికి ముందు, కొన్న తర్వాత

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్ మొత్తానికి ఒకే కంప్యూటర్ ప్రణాళిక సరిపోదు. 1998 దాకా ఇదంతా ఒకే జిల్లా. ఆ ఏడాది కాంకేర్, దంతెవాడ విడిపోయాయి. 2007లో బీజాపూర్, నారాయణ్‌పూర్, 2012లో కొండగావ్, సుక్మా ఏర్పడి జిల్లాలు ఏడయ్యాయి. జగదల్‌పూర్‌లో 2008లో పెట్టిన విశ్వవిద్యాలయం ఉంది, ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, తెలుగువారికి వెంటనే గుర్తుండిపోయే పేరున్న ప్రభుత్వ కాకతీయ పీజీ కళాశాల ఉంది. అక్కడి నుంచి దక్షిణానికి దిగి శబరి ఒడ్డున కోంటాకో, భోపాల్‌పట్నానికో వస్తే లోకం మారిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో కాంకేర్ అక్షరాస్యత 70 శాతం దాటింది. బీజాపూర్‌ది 41 శాతం దగ్గరే ఆగింది. రాయ్‌పూర్ నుంచి బయల్దేరే ఉత్తర్వు మాత్రం రెండు చోట్లకూ ఒకటే: ఇన్ని కంప్యూటర్లు, ఇన్ని బల్లలు, ఒక ప్రింటరు, ఒక ప్రొజెక్టరు.

ఇలాంటి ఉత్తర్వులకు దేశంలో నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1984-85లో ‘క్లాస్’ పేరిట మొదలైన కార్యక్రమంలో బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన ఉన్నత పాఠశాలలకు పంపారు. 2004 చివర్లో పాఠశాలల ఐసీటీ పథకం వచ్చింది, 2010లో దాన్ని సవరించారు, 2018లో అది సమగ్ర శిక్షాలో కలిసింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం పుట్టిన తొలి ఏళ్లలోనే ‘ఇందిరా సూచనా శక్తి’ పేరుతో ఉన్నత పాఠశాలల బాలికలకు ఉచితంగా కంప్యూటరు నేర్పే పథకం పెట్టారు. తర్వాతి ప్రభుత్వం 2013 తర్వాత కళాశాల విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు ఇచ్చింది. 2018లో ‘సంచార్ క్రాంతి’ కింద మహిళలకు, కళాశాల విద్యార్థులకు స్మార్ట్‌ఫోన్లు పంచారు. ప్రభుత్వం మారగానే ఆ పంపిణీ ఆగిపోయింది. పథకం ఎవరు పెట్టినా పద్ధతి ఒక్కటే, వస్తువు పంచడం. వస్తువు చేరిన మర్నాటి నుంచి దాన్ని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న ప్రతిసారీ మిగిలిపోయింది. దేశమంతటా చూసినా 2023-24 యూడైస్ ప్లస్ పాఠశాల గణాంకాల ప్రకారం పనిచేసే కంప్యూటరున్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం.

సమగ్ర శిక్షా నిబంధనల్లోని అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. ఒక బడిలో ఐసీటీ ల్యాబు పెట్టడానికి గరిష్ఠంగా 6 లక్షల 40 వేల రూపాయలు ఒకేసారి ఇస్తారు. నడపడానికి ఏడాదికి 2 లక్షల 40 వేల చొప్పున ఐదేళ్లు ఇస్తారు. అంటే ఐదేళ్ల నిర్వహణ ఖర్చు 12 లక్షలు, కొనుగోలు ఖర్చుకు దాదాపు రెట్టింపు. కరెంటు, బోధకుడి జీతం, మరమ్మతు, ఇంటర్నెట్ అన్నీ ఈ రెండో పద్దులోవే. ప్రభుత్వం తన కాగితం మీదే ఒప్పుకున్న నిజం ఇది: కంప్యూటరు కొనడం చిన్న పని, నడపడం పెద్ద పని. అయినా జిల్లా సమీక్షల్లో మొదట అడిగేది ఎన్ని ల్యాబులు తెరిచారని. ఐదేళ్లు నిండిన ల్యాబులు ఎన్ని నడుస్తున్నాయన్న ప్రశ్న ఆ తర్వాత ఎప్పుడో గానీ రాదు. బస్తర్ లాంటి చోట ప్రణాళిక నిలబడేదీ కూలేదీ ఆ ఆరో ఏడాదిలోనే.

మొదటి అడ్డంకి కరెంటు. లోపలి గ్రామాలకు తీగ చేరినా, వానాకాలంలో చెట్టు కొమ్మ పడితే లైన్‌మన్ వచ్చేదాకా రోజులు గడుస్తాయి. వాగులు పొంగితే ఇంకా ఆలస్యం. రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడా అడవి గ్రామాల్లో, ఆశ్రమశాలల్లో సౌర విద్యుత్తు పెట్టింది. ఈ ప్రాంతానికి అది పెద్ద మేలు. అయితే దీపాలకూ ఫ్యాన్లకూ లెక్కగట్టి పెట్టిన సౌర ఫలకాలు ల్యాబు భారాన్ని మోయవు. మామూలు డెస్క్‌టాప్, తెర కలిపి 100 నుంచి 150 వాట్లు తీసుకుంటాయి. ఇరవై పెడితే రెండు మూడు కిలోవాట్లు. అదే ఇరవై చిన్నపాటి మినీ కంప్యూటర్లో ల్యాప్‌టాప్‌లో అయితే ఒక్కొక్కటి 30 - 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది, మొత్తం కిలోవాటు లోపే తేలుతుంది. టెండరులో ఏ యంత్రం అడగాలన్నది ధర బట్టి కాక బడి పైకప్పు మీద ఎన్ని ఫలకాలు పడతాయన్న దాన్ని బట్టి తేల్చాలి.

ఇన్వర్టరు గది సంగతి ఇంకా చిన్నది, ఇంకా ముఖ్యమైనది. సాధారణంగా పెట్టేవి లెడ్ యాసిడ్ ట్యూబులర్ బ్యాటరీలు. రెండు మూడు నెలలకోసారి మూతలు తీసి, నీటి మట్టం చూసి, డిస్టిల్డ్ వాటరు పోయాలి. ఎండాకాలంలో ఇంకా తరచుగా పోయాలి. ఎవరూ పోయకపోతే లోపలి పలకలు గాలికి తేలి పాడవుతాయి, నాలుగేళ్లు రావలసిన బ్యాటరీ రెండో ఏటికే చేతులెత్తేస్తుంది. కొందరు చేతికందిన బోరు నీళ్లు పోస్తారు, దాంతో ఇంకా తొందరగా పోతుంది. లీటరు డబ్బాకు అయ్యేది కొద్ది రూపాయలే, కానీ ఆ కొద్ది రూపాయలకు పద్దు ఉండదు, ఆ పని ఎవరిదో రాసి ఉండదు. తాళం వేసిన బీరువాలో ఏడాదంతా ఉండిపోయిన ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు కూడా ఇలాగే వాడకముందే చచ్చిపోతాయి. పోయిన వస్తువుకు తాను జవాబు చెప్పాల్సి వస్తుందని ప్రధానోపాధ్యాయుడు తాళం వేస్తాడు. స్టాకు రిజిస్టరు భయం పోగొట్టకుండా పిల్లల చేతికి యంత్రం రాదు.

భవనం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2005లో మావోయిస్టు వ్యతిరేక సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో వందల బడులు మూతపడ్డాయి, ఎన్నో భవనాలు కూలాయి. లోపలి ఊళ్ల పిల్లల కోసం రోడ్డు పక్కన వెదురు, ప్లైవుడ్‌తో ఆశ్రమశాలలు కట్టారు. ‘పోటా కేబిన్లు’ అని పిలిచే ఈ బడుల్లో ఒక్కోదాంట్లో వందల మంది పిల్లలు ఉండి చదువుకుంటారు. తాత్కాలికమని కట్టినవి ఏళ్ల తరబడి నడిచాయి. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా చింతాకొంటలో బాలికల పోటా కేబిన్ కాలిపోయి ఒక చిన్నారి ప్రాణం పోయింది. అలాంటి గదుల్లో ల్యాబు పెట్టే ముందు తీగల మందం, ఎర్తింగ్, బ్యాటరీలకు విడిగా పక్కా గది, మంటలార్పే సిలిండరు చూడాలి. వీటికి నిధులు లేవంటే ల్యాబు ఆపుకోవడమే సరైన నిర్ణయం.

ఇంటర్నెట్ విషయంలో పెద్ద ప్రయత్నాలే జరిగాయి. ఏడు జిల్లాలనూ చుట్టే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన ఫైబర్ వలయంగా ‘బస్తర్ నెట్’ను తలపెట్టారు. 405 కిలోమీటర్ల తొలి దశను 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధానమంత్రి ప్రారంభించారు. వలయం కావడంలో లాభం ఉంది. ఒకచోట తీగ తెగినా రెండో వైపు నుంచి సంకేతం వస్తుంది. భారత్ నెట్ కింద పంచాయతీలకు ఫైబర్ వేశారు. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల కోసం 2014లో కేంద్రం ఆమోదించిన టవర్ల పథకంలో బీఎస్ఎన్ఎల్ పది రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా 2జీ టవర్లు నిలిపింది. వాటిని 4జీకి మార్చడానికి 2022లో అనుమతి వచ్చింది. 2జీ టవరు ఫోన్లో మాట్లాడుకోవడానికి సరిపోయింది గానీ వీడియో పాఠానికి పనికిరాలేదు. పంచాయతీ భవనం దాకా వచ్చిన ఫైబర్ అక్కడి నుంచి అర కిలోమీటరు దూరంలోని బడికి వెళ్లాలంటే మరో పద్దు, మరో శాఖ, మరో సంతకం కావాలి. తీగ వేసేవారికీ బడి నడిపేవారికీ మధ్య ఉన్న ఈ అర కిలోమీటరును ఏ ప్రణాళికైనా పేరు పెట్టి రాయాలి.

ఈ ఏర్పాట్లన్నిటికీ అసలు పరీక్ష 2020లో వచ్చింది. కరోనాకు బడులు మూతపడగానే ఏప్రిల్ 7న రాష్ట్రం ‘పఢయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ బోధన మొదలుపెట్టింది. పట్టణాల్లో అది కొంత నడిచింది. సిగ్నల్ లేని ఊళ్లలో ఉపాధ్యాయులు వేరే దారులు వెతికారు. బస్తర్ జిల్లా భాట్‌పాల్‌లో లౌడ్ స్పీకర్ల ద్వారా పాఠాలు వినిపించారు. చాలాచోట్ల చెట్ల కింద, అరుగుల మీద చిన్న చిన్న గుంపులతో మొహల్లా తరగతులు నడిపారు. ‘బుల్టు కే బోల్’ అన్న ఏర్పాటులో పాఠాన్ని చిన్న ఆడియో ఫైలుగా చేసి, వారం సంతకు వచ్చినవాళ్ల ఫోన్లలోకి బ్లూటూత్ ద్వారా పంపారు. సంత నుంచి ఇంటికెళ్లిన ఫోను ఊళ్లోని మిగతా ఫోన్లకు పాఠాన్ని అందించింది. ఇంటర్నెట్ అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు. బస్తర్ గ్రామాల్లో వార్తలూ పాటలూ ఏళ్లుగా ఇలాగే చేతులు మారుతున్నాయి. 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోను కాల్‌తో గోండి మాట్లాడేవాళ్ల గొంతును రికార్డు చేసి వినిపించి ఈ దారి ముందే వేసింది. జనం చేతిలో అప్పటికే ఉన్న వస్తువును, వాళ్లకు అప్పటికే ఉన్న అలవాటును వాడుకున్నవే ఆ కష్టకాలంలో పనిచేశాయి. బస్తర్‌లో కంప్యూటరు చదువుకు ప్రణాళిక వేసేవాళ్లు అన్నిటికంటే ముందు చదవాల్సిన అనుభవం ఇది.

దాన్నుంచి తేలే సాంకేతిక నిర్ణయం సూటిగానే ఉంది. ఆశ్రమశాలల్లో ఇంటర్నెట్ ఉంటేనే పనిచేసే పద్ధతి కాకుండా, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసే పద్ధతి పెట్టాలి. పది వాట్లు కూడా తినని చిన్న కంప్యూటరును సర్వరుగా పెట్టి, దానికో వైఫై పెట్టె తగిలిస్తే బడి ఆవరణ మొత్తం దాని పరిధిలోకి వస్తుంది. కోలిబ్రి, కివిక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో పాఠాలు, హిందీ వికీపీడియా, అభ్యాసాలు అందులో నింపొచ్చు. నెలకోసారి బ్లాకు కేంద్రానికి మీటింగుకు వెళ్లే ఉపాధ్యాయుడు పెన్‌డ్రైవులో కొత్త పాఠాలు తెస్తాడు, పిల్లల ప్రగతి వివరాలు తీసుకెళ్తాడు. పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉండే బడి కాబట్టి సాయంత్రాలు కూడా వాడుకోవచ్చు. రోజూ ఇంటికి వెళ్లే బడికి లేని సౌకర్యం ఇది. దంతెవాడ జిల్లా గీదం దగ్గర జావంగాలో కట్టిన ఎడ్యుకేషన్ సిటీ లాంటి చోట్ల పూర్తి ల్యాబులు సహజం. ఆ నమూనాను చిన్నది చేసి ప్రతి ఆశ్రమశాలలో దించాలనుకోవడం పొరపాటు.

యంత్రం ఏ భాషలో మాట్లాడాలన్నది అన్నిటికన్నా లోతైన ప్రశ్న. పిల్లలు ఇంట్లో మాట్లాడేవి గోండి, హల్బీ, భత్రీ, ధుర్వీ, దోర్లీ. కోంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు ఇళ్లూ ఉన్నాయి. పాఠ్యపుస్తకం హిందీ. కీబోర్డు మీది అక్షరాలు ఇంగ్లిషు. మూడో తరగతి పిల్ల ఒక్క మాట టైపు చేయాలంటే రెండు పరాయి భాషలు దాటాలి. ప్రాథమిక స్థాయిలో స్థానిక భాషల్లో బోధిస్తామని 2020 జనవరి 26న రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించారు. ఇక్కడి బడుల్లో గోండిని దేవనాగరిలో రాస్తారు. గోండికి సొంత లిపులూ ఉన్నాయి. 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగల్ సింగ్ మసారాం రూపొందించిన లిపి 2017లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి 2018లో చేరింది. ఆ లిపిని లోకానికి తెలియజెప్పడంలో జయధీర్ తిరుమలరావు చేసిన కృషి తెలుగువారు గర్వించదగ్గది. యూనికోడ్‌లో చేరడంతో అక్షరానికి సంఖ్య దొరికింది. ఫాంటు, కీబోర్డు, పాఠం ఇంకా ఎవరో తయారు చేయాలి. యంత్రానువాదంలో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలకే మొదటి పీట పడింది, గోండి ఆ జాబితాలో లేదు. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ విడుదల చేసిన ‘ఆది వాణి’లో గోండికి చోటు దక్కింది. దాని తయారీలో హైదరాబాద్, నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలూ పాలుపంచుకున్నాయి. హల్బీ, భత్రీ, దోర్లీ ఇంకా బయటే ఉన్నాయి. అవి చేరేదాకా ఈ భాషల్లో రాత కంటే గొంతుకే పెద్ద పీట వేయడం మంచిది. ఒక అవ్వ చెప్పిన కథను పిల్లలే ఫోన్లో రికార్డు చేసి బడి సర్వరులో పెట్టుకోవడానికి అనువాద యంత్రం అవసరం లేదు.

విశ్వవిద్యాలయం దగ్గరికి వస్తే చిక్కు వేరు. జగదల్‌పూర్ విశ్వవిద్యాలయం ఇప్పుడు 2013లో ఝీరం లోయ మావోయిస్టు దాడిలో చనిపోయిన కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ పేరు మీద ఉంది. దాని కళాశాలలు వందల కిలోమీటర్ల మేర చెదిరి ఉన్నాయి. పరీక్ష దరఖాస్తు, ఫీజు, హాల్ టికెట్టు, ఫలితం ఆన్‌లైన్‌లోకి రావడం ఇలాంటి చోట నిజమైన మేలు. ఒక సంతకం కోసం బస్సెక్కి రెండు రోజులు పోగొట్టుకునే బాధ తప్పుతుంది. అయితే ఇంట్లో కంప్యూటరు లేని విద్యార్థి ఆ దరఖాస్తు నింపేది ‘చాయిస్ సెంటర్’ అనే సేవా కేంద్రంలో. అక్కడి ఆపరేటరు పేరులో ఒక అక్షరం తప్పు కొడితే అది మార్కుల జాబితా దాకా, కుల ధ్రువపత్రంతో పొంతన కుదరక స్కాలర్‌షిప్ దాకా వెంటాడుతుంది. ఆదివాసీ ఇంటిపేర్లు హిందీలో ఒకలా, ఇంగ్లిషులో మూడు రకాలుగా రాసే చోట ఇది అరుదైన సంగతి కాదు. కాబట్టి వ్యవస్థ రూపకల్పనలోనే రెండు ఏర్పాట్లు ఉండాలి: సమర్పించే ముందు విద్యార్థికి చదివి వినిపించి ఒప్పించుకునే మెట్టు ఒకటి, తర్వాత తప్పు దిద్దుకోవడానికి తన కళాశాలలోనే దొరికే దారి ఒకటి.

గ్రంథాలయాల్లో పరిస్థితి ఆశాజనకంగా ఉంది, ఎందుకంటే అక్కడ ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనే పనే లేదు. ప్రభుత్వ గ్రంథాలయాలకు ఎన్ఐసీ తయారు చేసిన ఈ-గ్రంథాలయ ఉచితం. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000లో బయటికొచ్చిన కోహా ఎవరైనా వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2005లో తెచ్చిన న్యూజెన్‌లిబ్‌ను 2008 జనవరిలో ఓపెన్ సోర్స్ చేశారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ తయారు చేసిన ‘సోల్’ తక్కువ ధరకే దొరుకుతుంది. అదే సంస్థ ‘ఎన్-లిస్ట్’ ద్వారా కళాశాలలకు నామమాత్రపు రుసుముతో వేల పత్రికలు, లక్షల ఈ-పుస్తకాలు అందిస్తోంది. చిన్న పట్టణ కళాశాల ఏ బడ్జెట్‌తోనూ కొనలేనంత సంపద అది. దానికి పాస్‌వర్డు తీసుకోని విద్యార్థులు ఎంతమందో ప్రతి కళాశాలా లెక్క చూసుకోవాలి.

సాఫ్ట్‌వేరు ఉచితమైనా జాబితా తయారీ ఉచితం కాదు. పది వేల పుస్తకాలున్న గ్రంథాలయాన్ని తీసుకుంటే, అలవాటైన మనిషి రోజుకు యాభై పుస్తకాల వివరాలు సరిగ్గా ఎక్కించగలడు. అంటే రెండు వందల పనిదినాలు, ఇంచుమించు పది నెలలు. ఈ పది నెలల జీతం ప్రణాళికలో లేకపోతే పని సగంలో ఆగుతుంది. సగం జాబితా అసలు లేనిదానికంటే చేటు. తెరమీద కనబడలేదు కాబట్టి పుస్తకం లేదనుకుని పాఠకుడు వెళ్లిపోతాడు. పేర్ల ముడి కూడా ఇక్కడే పడుతుంది. హిందీలోనూ హల్బీ, భత్రీల్లోనూ రాసి, బస్తర్ చరిత్ర సంస్కృతుల మీద పెద్ద పుస్తకం ఇచ్చిన లాలా జగదల్‌పురీ (1920-2013) పేరు మీదే జగదల్‌పూర్‌లోని జిల్లా గ్రంథాలయం ఉంది. ఆయన పేరును ఒక ఉద్యోగి ‘లాలా జగదల్‌పురీ’ అనీ, మరొకరు ‘జగదల్‌పురీ, లాలా’ అనీ, ఇంకొకరు ఇంగ్లిషు అక్షరాల్లోనూ ఎక్కిస్తే ఒక్క రచయిత ముగ్గురవుతాడు. ఏ ఒక్క పేరుతో వెతికినా ఆయన పుస్తకాల్లో మూడో వంతే దొరుకుతుంది. మొదటి పుస్తకం ఎక్కించకముందే పేర్లు రాసే పద్ధతిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించడం వేల రూపాయల శిక్షణ కంటే ఎక్కువ పనిచేస్తుంది. తెలుగు, ఒడియా పుస్తకాలను వాటి లిపిలోనే యూనికోడ్‌లో ఎక్కించాలి. పాత హిందీ ఫాంట్లలో టైపు చేసిన జాబితా ఆ ఫాంటు లేని చోట అర్థంలేని గుర్తుల కుప్ప అవుతుంది. ఎక్కించిన సమాచారాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ‘మార్క్’ అనే ప్రామాణిక జాబితా రూపంలో బయటికి తీసుకునే వీలు ఉందో లేదో ఒప్పందానికి ముందే పరీక్షించాలి. సాఫ్ట్‌వేరు మారుతుంది, జాబితా నిలవాలి.

మనుషుల విషయంలో దగ్గరి పాఠం కేరళది. 2001లో ఐటీ@స్కూల్ మొదలుపెట్టిన ఆ రాష్ట్రం తర్వాత బడులను లైనక్స్‌కు మళ్లించింది. ప్రతి ఉన్నత పాఠశాలలో అక్కడి ఉపాధ్యాయుల్లోంచే ఒకరిని ఐటీ సమన్వయకర్తగా పెట్టింది. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో విద్యార్థులనే చిన్న మరమ్మతులు చేయగల బృందాలుగా తయారు చేసింది. బయటి కంపెనీ మనిషి కోసం ఎదురుచూడని ఏర్పాటు అది. పెరూ దీనికి ఎదురు ఉదాహరణ. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద ఆ దేశం లక్షల యంత్రాలు పంచింది. 319 గ్రామీణ బడుల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. కంప్యూటర్ వాడకం బాగా పెరిగింది గానీ గణితం, భాష మార్కుల్లో తేడా కనిపించలేదు. కేరళ పద్ధతిని బస్తర్‌కు యథాతథంగా తేలేం, ఇక్కడ చాలా బడుల్లో ఉన్నదే ఒకరిద్దరు గురూజీలు. బ్లాకుకు ఇద్దరు స్థానిక యువతీయువకులను సాంకేతిక సహాయకులుగా పెట్టి, మోటారు సైకిలు ఖర్చిచ్చి, నెలకోసారి ప్రతి ఆశ్రమశాలకూ వెళ్లేలా చేయడం సాధ్యమే. గోండి, దోర్లీ తెలిసినవాళ్లయితే పిల్లలకు యంత్రం పరిచయం చేసేదీ వాళ్లే అవుతారు. జగదల్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాలలో, ఐటీఐల్లో చదివి ఊరికి దగ్గరగా పని కోరుకునే పిల్లలకు ఇది గౌరవమైన ఉద్యోగం.

డబ్బు లేదన్న మాట దంతెవాడ లాంటి జిల్లాకు వర్తించదు. బైలాడీలా ఇనుప ఖనిజం వల్ల 2015 చట్ట సవరణతో ఏర్పడ్డ జిల్లా ఖనిజ నిధికి పెద్ద మొత్తం చేరుతుంది. చదువు ఆ నిధి ప్రాధాన్య రంగాల్లో ఒకటి. ఆ నిధితో యంత్రాలు కొనడం తేలిక, ఫొటో కూడా బాగా వస్తుంది. సహాయకుల జీతాలు, బ్యాటరీల మార్పిడి, జాబితా తయారీ పదేళ్లకు లెక్కగట్టి దాన్నుంచి ఇస్తే ఫలితం ఎక్కువ కాలం ఉంటుంది. సుక్మా, బీజాపూర్‌లకు అంత ఖనిజ ఆదాయం లేదు కాబట్టి అవి ఎక్కువగా రాష్ట్ర బడ్జెట్టు మీదే ఆధారపడాలి. 2022 జూన్‌లో బస్తర్‌లో తిరిగి తెరిచిన సుమారు 260 బడుల్లో అత్యధికం ఆ రెండు జిల్లాలవే. 2024లో మొదలైన ‘నియద్ నెల్లానార్’ పథకం కొత్త భద్రతా శిబిరాల చుట్టుపక్కల ఊళ్లకు రోడ్డు, కరెంటు, టవరు ఇస్తోంది. ఇలా తిరిగి తెరుచుకున్న బడికి మొదటి ఏడాది కావలసింది గురూజీ, గది, పుస్తకాలు. రెండో ఏట ఒక సౌర దీపాల వ్యవస్థ, ఒక ఆడియో పెట్టె. ల్యాబు మాట ఆ తర్వాతే. ఈ వరస తప్పించి ముందే ల్యాబు ఇవ్వడం ఆ పిల్లలకు న్యాయం చేసినట్టు కాదు.

చివరిగా, పాడైన యంత్రాల సంగతి. చాలా బడుల్లో ఒక గది నిండా పాత మానిటర్లు, ఉబ్బిన బ్యాటరీలు పేరుకుని ఉంటాయి. రిజిస్టరులోంచి కొట్టేసే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఉండదు, జిల్లా కమిటీ ఏళ్లకోసారి కూర్చుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత యంత్రాలను నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. లెడ్ బ్యాటరీలను సంతలో తూకానికి అమ్మేస్తే సీసం, ఆమ్లం ఊరి మట్టిలోకే చేరుతాయి. కొనుగోలు ఒప్పందంలోనే సరఫరాదారు ఐదో ఏట పాతవి తిరిగి తీసుకెళ్లాలనీ, ఇచ్చేముందు విద్యార్థుల వివరాలున్న హార్డ్ డిస్కులు చెరిపివేయాలనీ, బ్లాకు స్థాయి అధికారి ఏడాదికోసారి స్టాకు కొట్టివేతకు సంతకం చేయవచ్చనీ రాసుకుంటే ఆ గది ఖాళీ అవుతుంది. గదుల కొరత ఉన్న ఆశ్రమశాలకు అది మరో తరగతి గది.